గడప దగ్గర చెప్పులు, ఇంట్లో కరవైన మాటలు

ప్రశ్న: హైదరాబాద్‌లో రెండు పడగ్గదుల ఫ్లాట్ మాది. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్య ఉంటాం. తలుపు తీయగానే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న నడవ. అక్కడ ఎప్పుడూ చెప్పుల గుట్టే. గడపకు పసుపు రాసి ముగ్గేసేది అత్తయ్యే కాబట్టి రోజూ సణుగుతారు. కారిడార్‌లో వదిలితే పక్కవాళ్లు గొడవ. చివరికి నేనే ఓ షూ ర్యాక్ కొన్నా. అది పెట్టాక తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు. ‘నన్నో మాట అడిగావా?’ అని అత్తయ్య నాతో మాట్లాడటం మానేశారు. మావారేమో ‘మీరిద్దరూ తేల్చుకోండి’ అంటున్నారు. ఏం చేయను?

సమాధానం: ముందు అత్తయ్యగారు అడిగిన ఆ మాటకే జవాబు చెప్పండి. వంటిల్లు మీ పద్ధతిలో నడుస్తూ ఉండొచ్చు, పిల్లల చదువులు మీ దంపతులు చూసుకుంటూ ఉండొచ్చు. ఆవిడ చేతి మీదుగా రోజూ జరిగేది గడప పని. అక్కడికే అడక్కుండా సామాను వస్తే నొచ్చుకుంటారు. ‘అడక్కుండా కొన్నాను అత్తయ్యా, అది సరిపోలేదు కూడా. మార్చేద్దాం, ఎక్కడుంటే బాగుంటుందో మీరూ చూడండి’ అనండి చాలు. చవగ్గా వచ్చిందనో, మీకు తీరిక లేదనో వివరణలు జోడిస్తే మళ్లీ వాదన మొదలవుతుంది.

తర్వాత ఇద్దరూ కలిసి టేపు, చాక్‌పీస్ తీసుకోండి. తలుపు నెమ్మదిగా తెరుస్తూ దాని కొస తిరిగే దారిని నేల మీద గీయండి. ఆ గీత లోపల ఏ సామానూ ఉండకూడదు. మీ ర్యాక్ బహుశా పద్నాలుగు అంగుళాల లోతుది. బందుల వైపు గోడకు పెడితే తలుపును ఆపేస్తుంది. గొళ్లెం వైపు పెడితే 48 అంగుళాల నడవలో నడవడానికి 34 మాత్రమే మిగులుతుంది. అందుకే గొళ్లెం వైపు గోడకు, తలుపు నుంచి రెండడుగులు వదిలి, తొమ్మిది అంగుళాల లోతు మించని ర్యాక్ చూడండి. అరలు ముందుకు వాలి తెరుచుకునే రకం అంత సన్నగా వస్తుంది. కొనేముందు పాత న్యూస్‌పేపర్‌ను ఆ కొలతకు కత్తిరించి నేల మీద పరచి, ఒక రోజు దాని పక్క నుంచే తిరిగి చూడండి.

పెద్దవాళ్ల జత ఒక్కోటి ఎనిమిది అంగుళాల వెడల్పు తీసుకుంటుంది. 32 అంగుళాల అరలో నాలుగు జతలు, మూడు అరల్లో పన్నెండు. ఐదుగురికి తలా రెండు జతలు పోగా రెండు చోట్లు చుట్టాలకు మిగులుతాయి. పెళ్లిళ్లకు వేసుకునేవి, పిల్లలకు బిగుతైనవి ఇక్కడ ఉండనక్కర్లేదు. అసలు ఏ ర్యాకూ చాలకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇవే.

ర్యాక్‌ను నేలకు ఆరు అంగుళాల పైన గోడకు బిగించండి. చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు ర్యాక్ నేలకు ఆనితే, తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీరు పీల్చి అంచులు ఉబ్బుతాయి. పైగా ఆ ఖాళీలో రోజువారీ చెప్పులు తోసేయొచ్చు. మీది ఏఏసీ బ్లాకుల (గుల్లగా, తేలిగ్గా ఉండే సిమెంటు ఇటుకల) గోడ అయితే, స్క్రూల కోసం గోడలో దించే మామూలు ప్లగ్గులు బరువుకు ఊడొస్తాయి, ఆ గోడకు తగినవే అడిగి తీసుకోవాలి. వెనకా పక్కలా గాలి రంధ్రాలు లేని ర్యాక్ వద్దు. వానాకాలంలో తడి బూట్లు అందులో పెడితే బూజు, వాసన తప్పవు. రాత్రంతా ర్యాక్ బయట ఆరనిచ్చి, లోపల కాగితం కుక్కి, తర్వాతే అరలో పెట్టాలి.

ర్యాక్ పక్కన పదహారు అంగుళాలు మిగులుతాయి. అక్కడ పద్దెనిమిది అంగుళాల ఎత్తు స్టూలు వేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుని చెప్పులు తొడుక్కోవడానికి, లేవడానికి ఆ ఎత్తు వీలు. దాని పైన తాళాలకు, స్కూలు బ్యాగులకు నాలుగు కొక్కేలు చాలు. వాటిలో రెండు పిల్లల చేతికందాలి, లేకపోతే బ్యాగులు నేల మీదే ఉంటాయి.

తలుపు నుంచి వదిలిన ఆ రెండడుగులూ, గడపా పూర్తిగా అత్తయ్యగారివి. ముగ్గు, తోరణం, దీపం ఎలా ఉండాలో ఆవిడే చెప్పాలి. తోరణానికి ద్వారబంధం రెండు మూలలా చిన్న కొక్కేలు బిగిస్తే పండగ పండగకీ మేకులు కొట్టే పని ఉండదు. అలంకరణ ఇంతకు మించొద్దు. అంత చిన్న నడవలో కుండీ పెట్టినా ఎవరి కాలో తగులుతుంది. డోర్ మ్యాట్ తలుపు కింద సందులోంచి ఇరుక్కోకుండా జారేంత పల్చగా, వెనక రబ్బరుతో ఉండాలి.

కారిడార్ విషయంలో పక్కవాళ్లదే న్యాయం. అది అందరి దారి, మంటలొస్తే పరుగెత్తాల్సింది అందులోంచే.

ఇక మీవారు. తల్లికీ భార్యకీ మధ్య ‘తేల్చుకోండి’ అని తప్పుకోవడం సరికాదు. గుట్టలో ఆయన బూట్లూ ఉన్నాయి. పాత ర్యాక్ వెనక్కి ఇవ్వడం, కొత్తది బిగించడం ఆయనకే అప్పగించండి. బూట్లు అరలో పెట్టమని పిల్లలకు చెప్పాల్సిందీ ఆయనే, అదీ తనవి పెడుతూ. ఇవన్నీ అత్తయ్యగారి ముందే అడగండి, కానీ ఫిర్యాదులా కాకుండా, పని పంచుకున్నట్టుగా.