ముందు నీ సీసాను అనుమానించు

చిరంజీవి సౌమ్యకు ఆశీస్సులు.

ఆడవాళ్ల మూత్రంలో ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ, థాలేట్లు అనే రసాయనాలను కొలిచి, హార్మోన్ల మీద వాటి ప్రభావం చూస్తానన్నావు. మంచి అంశమే. కానీ ఇందులో చాలామంది బోల్తా పడేది ఖరీదైన యంత్రం దగ్గర కాదు, నమూనా పట్టే సీసా దగ్గర. నువ్వు వెతికే రసాయనం నీ ల్యాబు ప్లాస్టిక్‌లోనే ఉంటుంది. 1998లో అమెరికాలో పాట్రీషియా హంట్ ల్యాబులో, ఏ రసాయనమూ ఇవ్వని చిట్టెలుకల అండాల్లో సైతం క్రోమోజోముల పంపకం గాడి తప్పింది. ఘాటు డిటర్జెంటుతో కడిగిన పాలీకార్బనేట్ ప్లాస్టిక్ బోనుల నుంచి, నీళ్ల సీసాల నుంచి బిస్ఫినాల్ ఊరిందని తర్వాత తేలింది.

అందుకని గాజే వాడు. సీసాలను 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాలుగు గంటలు కాల్చి, మెథనాల్‌తో కడుగు. కొలత ఫ్లాస్కులను మాత్రం కాల్చకు, కొలత చెడుతుంది. వినైల్ గ్లవ్స్ వద్దు, నైట్రైల్‌వి తొడుగు. శుద్ధమైన నీళ్లను నమూనాలు పట్టే ఊరికి తీసుకెళ్లి, అక్కడే మూత్రం పట్టే రకం కప్పులో పోసి, అదే రకం సీసాలోకి ఒంపి తెచ్చుకో. ఈ వట్టి నీళ్ల నమూనానే బ్లాంక్ అంటారు, దాన్ని ప్రతి విడతలోనూ నడుపు. బ్లాంక్ విలువలు అచ్చువేయని పరిశోధనా పత్రాన్ని నేనైతే నమ్మను.

థాలేట్లను నేరుగా కొలవకు, ఒంట్లో మారాక వచ్చే మోనోఎస్టర్లను కొలువు. అదీ మూత్రంలోనే. రక్తంలోని ఎస్టరేజ్ ఎంజైములు ట్యూబు నుంచి ఊరిన థాలేట్‌నూ మోనోఎస్టర్‌గా మార్చేస్తాయి, అది ఒంట్లోదో ట్యూబుదో చెప్పలేం. మూత్రంలో బిస్ఫినాల్, ఈ మోనోఎస్టర్లు ఎక్కువగా గ్లూకురోనైడ్‌తో, అంటే బయటికి పంపడానికి ఒళ్లు తగిలించే చక్కెర లాంటి ముక్కతో, జతకట్టి ఉంటాయి. ఆ జత విడగొట్టడానికి ఇ. కోలై బ్యాక్టీరియా నుంచి తీసిన బీటా-గ్లూకురోనిడేజ్ ఎంజైము తీసుకో. నత్త నుంచి తీసిన దానిలో ఉండే ఇతర ఎంజైములు మళ్లీ అదే తంటా తెస్తాయి. ఐసోటోప్ స్టాండర్డ్‌ను, అంటే నష్టాన్ని లెక్కకట్టడానికి తెలిసినంత వేసే బరువైన పరమాణువుల అదే రసాయనాన్ని, ఎంజైముకు ముందే కలుపు. జత పూర్తిగా విడిందో లేదో తెలియడానికి 4-మిథైలంబెలిఫెరోన్ గ్లూకురోనైడ్ కూడా వెయ్యి.

బిస్ఫినాల్‌లో సగం ఆరు గంటల్లోపే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఒక్క నమూనాతో సరిపెడితే ఆ పూట తిన్నదే తెలుస్తుంది, నిజంగా ఉన్న సంబంధం కూడా పలచబడి లేనట్టు కనిపిస్తుంది. వేరువేరు రోజుల్లో కనీసం మూడు తీసుకో, వేళ రాసుకో. మన మే నెల ఎండల్లో మూత్రం చిక్కబడుతుంది కాబట్టి రిఫ్రాక్టోమీటర్‌తో విశిష్ట సాంద్రత, అంటే నీళ్లతో పోలిస్తే మూత్రం ఎంత చిక్కగా ఉందో, చూసి సరిచెయ్యి. కండల నుంచి మూత్రంలోకి వచ్చే వ్యర్థమైన క్రియాటినిన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, కండ తక్కువున్న వాళ్లలో విలువలు లేనిపోని ఎత్తులో కనిపిస్తాయి.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేలోపు ఖాళీగా కూర్చోకు. వట్టి నీళ్లతో ఒక విడత మొత్తం నడిపి, వచ్చిన అంకెలు నాకు పంపు.