చిన్న పట్నానికి మారే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేసి ఇటీవలే మానుకున్నాను. మావారు వచ్చే ఏడాది ఉద్యోగ విరమణ చేస్తారు. మాది కులాంతర వివాహం. ఇక్కడి అద్దెలు, రద్దీ భరించలేక హుజూరాబాద్, మెట్‌పల్లి, మందమర్రి పట్నాల్లో ఏదో ఒకచోట చిన్న ఇల్లు కొనుక్కోవాలనుకుంటున్నాము. వీటిలో రాజకీయంగా ప్రశాంతమైనది ఏది? కమిటీలు కుటుంబాలను వెలివేస్తున్నాయని పత్రికల్లో చదివి భయమేస్తున్నది. మా పెళ్లి సంగతి తెలిస్తే అక్కడివారు మమ్మల్ని కలుపుకుంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: గెలిచిన పార్టీని బట్టి ఊరి స్వభావాన్ని అంచనా వేయబోతే హుజూరాబాదే మిమ్మల్ని ముందుగా తికమక పెడుతుంది. 2018లో టీఆర్ఎస్ తరఫున గెలిచిన ఈటల రాజేందర్, 2021 అక్టోబరు 30న జరిగిన ఉప ఎన్నికలో బీజేపీ తరఫున గెలిచారు. 2023లో ఆ స్థానం బీఆర్ఎస్‌కు దక్కింది. ఎవరికి ఇల్లు కిరాయికిస్తారు, తగవు వస్తే ఎవరి గడప తొక్కుతారు, పెళ్లి పిలుపు ఎవరిదాకా వస్తుంది అన్నవి జెండాతో పాటు మారే విషయాలు కావు. మీరు అక్కడ బతకవలసింది వాటి మధ్యనే.

శాసనసభ రాజకీయం కంటే పురపాలక రాజకీయం మీకు ఎక్కువగా తగులుతుంది. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల్లో అనేకం, 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మారగానే అవిశ్వాస తీర్మానాల్లో చిక్కుకున్నాయి. 2025 జనవరిలో వాటి గడువు తీరిన తరువాత ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు, నల్లా కనెక్షనుకో ఇంటి నంబరుకో ఏమి చేయాలని ఇరుగుపొరుగును అడగండి. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకొమ్మంటే ఒక రకం ఊరు, ‘ముందుగాల అన్నను కలవుండ్రి’ అంటే మరో రకం ఊరు.

కమిటీల గురించి మీ భయం ఊరికే పుట్టినది కాదు. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు బలంగా ఉన్నాయి. ఇవి పంచాయతీరాజ్ చట్టం ఏర్పరచినవి కావు. గుడి, చెరువు, బడి పనులకు చందాలు పోగుచేయడంతో ఆగక, బెల్టు దుకాణాలకు వేలం వేయడం, తగవులు తీర్చి జరిమానా కట్టించడం, మాట వినని కుటుంబంతో ఎవరూ మాట్లాడకూడదని కట్టడి చేయడం వరకు వీటిలో కొన్ని వెళ్లాయి. గీత కార్మిక కుటుంబాలను ఈ విధంగా వెలివేసిన ఉదంతాలు నిజామాబాద్ జిల్లాలో పోలీసు కేసుల దాకా వచ్చాయి. మెట్‌పల్లి వంటి పట్నం నడిబొడ్డున వీటి మాట అంతగా చెల్లదు. అయితే మీకు అందుబాటు ధరలో దొరికే ప్లాటు బహుశా నడిబొడ్డున ఉండదు, పట్నాన్ని ఆనుకున్న పల్లెలోనో, పురపాలికలో కలిపిన పల్లెలోనో ఉంటుంది. అటువంటి చోట పంచాయతీ బోర్డు పోయి పురపాలిక బోర్డు వచ్చినా పాత కమిటీ, పాత పెద్దమనుషులు అలాగే ఉండవచ్చు. ‘ఇక్కడ కమిటీ ఉన్నదా, జరిమానాలు వేస్తుందా’ అని అమ్మేవారిని కాకుండా, కిరాయికి ఉంటున్న బయటివారిని అడగండి. అమ్మేవారు ఊరిని ఎన్నడూ తక్కువ చేసి చెప్పరు.

ఎస్సీ, ఎస్టీలపై సామాజిక బహిష్కరణ విధించడాన్ని 2015 సవరణ ద్వారా అత్యాచారాల నిరోధక చట్టంలో నేరంగా చేర్చారు. మహారాష్ట్ర 2016లో ఏ కులంవారినైనా వెలివేయడాన్ని శిక్షించే ప్రత్యేక చట్టం తెచ్చింది, మన రాష్ట్రంలో అటువంటిది లేదు.

మెట్‌పల్లి ప్రాంతానికి మరో ముఖం కూడా ఉన్నది. పసుపు ధర కోసం 2019 లోక్‌సభ ఎన్నికలో నిజామాబాద్ స్థానం నుంచి 178 మంది రైతులు బరిలో నిలిచిన నేల అది. 2015 చివర మూతపడిన ముత్యంపేట చక్కెర కర్మాగారం నేటికీ అక్కడ ఎన్నికల మాటే. గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలు ఎక్కువ కాబట్టి బయటి లోకం వారికి కొత్త కాదు.

మందమర్రి బొగ్గు పట్నం. ఎక్కడెక్కడి నుంచో గనులకు వచ్చి స్థిరపడినవారు కలిసి ఉండే చోటు కనుక ఇంటిపేరు ఆరా కొంత తక్కువనే నా అభిప్రాయం. అక్కడ పార్టీ కార్యాలయం కంటే కార్మిక సంఘం కార్యాలయం ముఖ్యం. కార్మికుల తరఫున సింగరేణి యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘం కోసం 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో సీపీఐ అనుబంధ సంఘం ఏఐటీయూసీ గెలిచింది. కానీ మందమర్రి షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే గిరిజనుల భూములకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతంలో ఉన్నది. జనం వన్ ఆఫ్ సెవెంటీ అనే 1970 నాటి నిబంధన ప్రకారం గిరిజనేతరులు అక్కడ స్థలం కొంటే ఆ బదిలీ చెల్లదు. అమ్మేవారు కూడా గిరిజనేతరులే కదా అన్న వాదన పనికిరాదు. నోటరీ కాగితం చూపి ‘అందరూ ఇట్లనే కొంటున్నరు’ అని ఎంత నచ్చజెప్పినా పైసలు ఇవ్వకండి.

ఇక మీ పెళ్లి సంగతి. ‘మీరెవరు’ అన్న ప్రశ్న మూడుచోట్లా మొదటి వారంలోనే వస్తుంది. దాచి తరువాత బయటపడటం కంటే ఇల్లు మాట్లాడేటప్పుడే చెప్పేయడం మేలు, ఇష్టం లేనివారు అక్కడే తప్పుకుంటారు. పట్నాల్లో కులాంతర దంపతులను బాహాటంగా వెలివేయడం కంటే పిలుపులు తగ్గడమే ఎక్కువ. కుల సంఘం భవనంలో జరిగే వేడుకలకు మీలో ఎవరినీ పిలవకపోవచ్చు. అది నొప్పించే విషయమే, కానీ సగటు ఉద్యోగి కుటుంబాలున్న కాలనీలో దానితో రోజు గడవకుండా పోదు.

మీ స్థానంలో నేనుంటే, కొనకుండా ముందు హుజూరాబాద్‌లో కిరాయికి దిగుతాను. హనుమకొండ గంట ప్రయాణం, మనసు కుదరకపోతే వెనక్కి రావడం తేలిక. ఎక్కడ దిగినా వినాయక చవితి నుంచి బతుకమ్మ వరకు తప్పక ఉండి చూడండి. చందా ఎంత అడుగుతున్నారు, ఇవ్వలేనివారితో ఎలా మాట్లాడుతున్నారు, ఊరేగింపు మసీదు ముందు నుంచి వెళ్లేటప్పుడు పెద్దలు ముందుంటున్నారా, పోలీసులే ఉంటున్నారా అన్నది గమనించండి. 2020 జనవరిలోనూ 2021 మార్చిలోనూ అల్లర్లు చూసిన భైంసా వంటి పట్నాన్ని మామూలు రోజున చూసివచ్చినవారికి ఏమీ తెలియదు.

ప్రశ్న: చిన్న పట్నానికి మారితే ఓటు కూడా మార్చుకోవాలా, పాతచోటే ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మార్చుకోవాలి. నివాసం ఉన్నచోటే ఓటు ఉండాలని చట్టం చెబుతుంది. ఇందుకు ఫారం 8 నింపితే సరిపోతుంది. వార్డు ఎన్నికల్లో కొద్ది ఓట్ల తేడాతోనే ఫలితం తేలుతుంది కాబట్టి, జాబితాలో పేరున్న కొత్త కుటుంబం మురికి కాలువ గురించి చెప్పినా కౌన్సిలర్ ఆగి వింటారు.