నిజాం ప్యాలెస్‌లో తాళి కట్టించొచ్చా?

ప్రశ్న: మేడం నమస్తే. మా పాప పెళ్లి మాఘంలో పెట్టుకున్నాం. పాపా, కాబోయే అల్లుడూ చౌమహల్లా ప్యాలెస్ చూసొచ్చిన దగ్గర్నుంచి పెళ్లి అక్కడే అని పట్టుబట్టి కూర్చున్నారు. మావారేమో అది మ్యూజియం, పెళ్లిళ్లకి ఎట్లా ఇస్తారు అంటున్నారు. ముహూర్తం రాత్రి 2.47కి. 700 మంది దాకా వస్తారు. హోమం, తలంబ్రాలు, బ్యాండు అన్నీ చేయనిస్తారా?
- ఒక తల్లి, నల్గొండ

జవాబు: మీవారి డౌటు సగం కరెక్టేనమ్మా. అది మ్యూజియమే, కానీ గవర్నమెంటుది కాదు, నిజాం కుటుంబం చేతిలో ఉన్నది. ఆ ఇంటి కోడలు ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి రిపేర్లు చేయించి 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. ఫంక్షన్లకి ఇస్తారు, పెద్ద పెద్ద రిసెప్షన్లు జరిగాయి కూడా. రేటు మాత్రం నన్నడగకండి, ఆఫీసుకెళ్లి కాగితం మీద రాయించుకోండి.

అయితే నా సలహా ఒకటే. తాళి వేరే చోట కట్టించండి, రిసెప్షన్ అక్కడ పెట్టుకోండి. పాప అలుగుతుంది, తెలుసు. ఎందుకంటున్నానో తనకి కూడా చదివి వినిపించండి.

ముందు ఆ 2.47 సంగతి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన సౌండ్ రూల్స్ ఉన్నాయి కదా, ఆ ప్యాలెస్‌లో 700 మంది పట్టేది ఆరుబయట ముందున్న తోటలోనే, చుట్టూరా పాతబస్తీ ఇళ్లు, అంటే జీలకర్రబెల్లం టైముకి మైకులో మంత్రాలూ ఉండవు, బ్యాండూ ఉండదు. గట్టిమేళం లేకుండా తాళి కడితే మీ అత్తగారు ఊరుకుంటారా చెప్పండి.

తర్వాత హోమం. ఆ బిల్డింగులు 1750 ప్రాంతంలో మొదలై ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, 1857 నుంచి 1869 మధ్య పూర్తయ్యాయి. గోడల మీద లతలూ పువ్వులూ అంతా సున్నంతో చేసిన పని. నెయ్యి పొగ దానికి పడితే జిడ్డుమసి లోపలికి ఇంకిపోతుంది, మన ఇంట్లోలా తడిగుడ్డతో తుడిస్తే సున్నం కూడా గుడ్డకే వచ్చేస్తుంది. ఖిల్వత్ ముబారక్ అని దర్బారు హాలుంది చూశారుగా, 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడేది, అందులో పాలరాతి గద్దె ముందు మంటపం వేసుకుందాం అని అందరికీ ఆశ. పాలరాయికి పసుపన్నా నిమ్మకాయన్నా పడదమ్మా. నిమ్మరసం పడితే నునుపు పోయి మచ్చ కడుతుంది, పసుపు పడితే రాయి పీల్చేసుకుంటుంది. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, హాల్లో ఎండెక్కడిది? మా చుట్టాలు ఒక పాత బంగళాలో మంగళస్నానాలు పెట్టుకుని నేల పాడుచేశారు, కట్టిన డిపాజిట్ మొత్తం ఆ మరకలకే పోయింది, ఇప్పటికీ ఆ పెళ్లి అంటే ఫోటోల కన్నా ఆ మరకే గుర్తొస్తుంది అందరికీ.

తలంబ్రాల బియ్యం ఎలుకల్ని పిలుస్తుంది, ఇది ఎవరికైనా తెలిసిందే. పువ్వుల సంగతి మాత్రం నాక్కూడా లేటుగా తెలిసింది. ఉన్నీ పట్టూ కొరికే చిన్న పెంకుపురుగు ఒకటుంటుంది. అది పెద్దదయ్యాక పుప్పొడి తిని బతుకుతుందంట, అంటే మన బంతిపూల దండల్లోనే దర్జాగా లోపలికొచ్చి గుడ్లు పెట్టేస్తుంది, తర్వాత పిల్లపురుగులు అద్దాల వెనక ఉన్న నిజాంల షేర్వానీలు తింటాయి. అందుకని పూల డెకరేషన్ ఎంత చేసినా బయట తోటలోనే, హాలు లోపల వద్దు. గోడకి మేకు, తాడు, టేపు కూడా వద్దు, లైట్లన్నీ విడిగా నిలబెట్టే స్టాండ్ల మీదే పెట్టించండి. కోల్డ్ ఫైర్ అని స్టేజీ దగ్గర నిప్పురవ్వలు చిమ్మే మెషీన్లు పెడతామని ఈవెంట్ వాళ్లు ఆశ పెడతారు, ఒప్పుకోకండి.

రిసెప్షన్‌కి మాత్రం దాన్ని మించింది లేదు. నీళ్ల కొలను, వెనకాల లైట్లేసిన ఖిల్వత్, స్టేజీ డెకరేషన్ ఖర్చు సగం మిగులుతుంది. సందర్శకులు సాయంత్రం 5 దాకా తిరుగుతుంటారు కాబట్టి ఏర్పాట్లకి టైం తక్కువ. శుక్రవారం మ్యూజియం సెలవు, ఆ రోజు దొరుకుతుందేమో అడగండి, కాకపోతే మధ్యాహ్నం మక్కా మసీదు నమాజు రద్దీలో టెంటు లారీ ఇరుక్కుంటుంది, పొద్దున్నే దించేయాలి. వంట అక్కడ వద్దు, బయట వండించి తెచ్చి వడ్డించండి. చార్మినార్ సందుల్లో 700 మంది కార్లంటే మాటలు కాదు, కాస్త దూరంలో పార్కింగ్ మాట్లాడి అక్కణ్ణుంచి చిన్న బస్సులు తిప్పండి. 10కి మైకు బంద్, 11కి భోజనాలు బంద్ అని శుభలేఖలోనే వేయించండి. మనవాళ్లు 9.30కి గానీ రారు కదా.

ప్రశ్న: అక్కా, ప్యాలెస్ బుక్ చేసేంత బడ్జెట్ మాకు లేదు. గోల్కొండ కోటలో చిన్నగా రిసెప్షన్ పెట్టుకోవచ్చా?
- కాబోయే పెళ్లికొడుకు, వరంగల్

జవాబు: కుదరదు తమ్ముడూ. గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. 1958 చట్టం కింద 1959లో వచ్చిన రూల్స్ ప్రకారం అలాంటి కట్టడాల్లో పార్టీ, రిసెప్షన్ ఏది పెట్టాలన్నా కేంద్రం రాతపూర్వకంగా పర్మిషన్ ఇవ్వాల్సిందే, నీ రిసెప్షన్‌కి ఇస్తారని ఆశ పెట్టుకోకు. ఎవరైనా నేను మేనేజ్ చేస్తా అని అడ్వాన్స్ అడిగితే ఇవ్వకు. దగ్గర్లోనే తారామతి బారాదరి ఉంది, టూరిజం వాళ్ల చేతిలోది, ఒకసారి వెళ్లి అడుగు. కోట ఫోటోలు కావాలంటే పొద్దున్నే టికెట్ కొనుక్కుని ఇద్దరే వెళ్లండి, డ్రోన్ మాత్రం పట్టుకెళ్లకు.