గుర్రం కొంటున్న మా లాయరమ్మాయికి

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

బార్ కౌన్సిల్‌లో పేరు నమోదై మూడు నెలలైనా నిండకముందే, రేసుల నుంచి తప్పించిన ఒక గుర్రాన్ని కొని శంకర్‌పల్లి దారిలో ఉన్న మన స్థలంలో పెంచబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మా బాబాయి, అంటే నీ చినతాతయ్య, పోయిన ఇన్నేళ్ళకు నల్లకోటూ గుర్రమూ మళ్ళీ మన ఇంట కలిసి కనబడబోతున్నాయన్న సంతోషం ఎంత ఉందో, ఆయన దగ్గర నేను చేసిన తప్పు నువ్వూ చేస్తావేమోనన్న భయం కూడా అంతే ఉంది.

కొనేముందు పశువైద్యుడి చేత ముంగాళ్ళు పరీక్ష చేయించు. ధనుర్వాతం టీకా వేయించు. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించు. దాణా మార్చవలసి వస్తే ఒక్కరోజులో మార్చకుండా పది రోజులు పట్టేట్టు కొద్దికొద్దిగా మార్చు. మందలో బతికే జంతువు గనుక ఒంటరిగా కట్టేయకు. ఇంకో గుర్రం లేకపోతే ఒక మేకనైనా తోడుంచు. ఇవి ఎవరినడిగినా చెబుతారు.

బాబాయి ఇల్లు మలక్‌పేట రేసుకోర్సుకు నడిచిపోయేంత దూరంలో ఉండేది. 1886లో పందేలు మొదలైన ఆ మైదానం పక్కన అన్నేళ్ళు కాపురం ఉండి కూడా ఆయన ఒక్క రూపాయి పందెం కాయలేదు. గుర్రపు పందెం నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చినప్పుడు ఆ తీర్పు మొత్తం శ్రద్ధగా చదివాడు గానీ, ఆ తర్వాత కూడా టికెట్టు కొన్నది లేదు. ఆయనకు కావలసింది పందెం కాదు, గుర్రం. ఇక పరుగెత్తలేదని పక్కన పెట్టేసిన ఒక ఎర్రగుర్రాన్ని తెచ్చి పెరట్లో రేకుల పాక వేయించాడు. దానికోసం కోటు జేబులో బెల్లం ముక్కలు పెట్టుకునేవాడు; కోర్టు నుంచి వచ్చాక కేసు కట్టలు విప్పితే కాగితాల మధ్య చీమలు కనిపించేవి. ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చిన మేం నలుగురం ఆ ఇంట్లోనే తిన్నాం, మా ఫీజులు ఆయనే కట్టాడు, ఎవరికి ఎంత పెట్టాడో పిన్నికి కూడా చెప్పేవాడు కాదు.

ఇక అసలు సంగతి. నేను లా రెండో సంవత్సరంలో ఉండగా ఒకనాడు బాబాయి కేసు పనిమీద వరంగల్ వెళ్ళాడు. గుర్రాన్ని చూసుకునే సైసు జ్వరంతో పడుకున్నాడు. "తిప్పి తెచ్చాక చెమట ఆరేదాకా నడిపించు, నీళ్ళు కొద్దికొద్దిగా పట్టు, ఉలవలు ఆ తర్వాతే, అదీ సగమే" అని బాబాయి నాకు మరీమరీ చెప్పి వెళ్ళాడు. స్నేహితులు మాట్నీకి రమ్మని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నేను గుర్రాన్ని వేగంగా పరుగెత్తించి తెచ్చి, ఒళ్ళంతా చెమటతో ఉన్నదాని ముందు రెండు పూటల ఉలవలూ ఒకేసారి పోసి, అవి సరిగ్గా నానాయో లేదో కూడా చూడకుండా వెళ్ళిపోయాను.

రాత్రి ఏడింటికి వచ్చేసరికి అది ముంగాలితో నేలను గీరుతోంది, మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది, పడుకుంటోంది, లేస్తోంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు తల్లీ; ఒళ్ళు అంత పెద్దదైనా పొట్ట చిన్నది, లోపల పొంగిన దాణా వెనక్కి రాదు. ఇది నాకు తెలుసు. డాక్టరు ఇంటికి సైకిలు మీద పది నిమిషాల దారి అనీ తెలుసు. అయినా వెళ్ళలేదు. కాసేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను, బాబాయికి చెప్పవద్దని సైసును బతిమాలాను. రెండున్నర గంటలు అలా గడిచాక బాబాయి వచ్చి, చేతిసంచి కింద పెట్టకుండానే దాని డొక్కకు చెవి ఆనించాడు. ఎప్పుడూ గుడగుడమంటూ ఉండవలసిన కడుపులో ఏ చప్పుడూ లేదు. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం దించాడు. తెల్లవార్లూ ఏం చేసినా లాభం లేకపోయింది.

బాబాయి నన్ను ఒక్కటే అడిగాడు, "ఎన్నింటికి చూశావు?" అని. ఏడింటికన్నాను. ఆయన చాలాసేపు దాని జూలు దువ్వుతూ కూర్చుని, "గడువు దాటిన అప్పీలైతే ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 5 కింద పిటిషన్ వేసుకుంటాం. దీనికి ఎక్కడ వేస్తాం?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తర్వాత స్నానం చేసి కోర్టుకు వెళ్ళాడు. ఇల్లు ఖాళీ చేయమని యజమాని వేసిన దావాలో ఒక ముసలమ్మ తరఫున ఆ రోజు వాదించవలసి ఉంది. సాయంత్రం పిన్నితో గుర్రం కడుపునొప్పితో పోయిందని మాత్రమే చెప్పాడు. పాకలో గుర్రం లేకపోయినా, ఇంకొకటి వచ్చేదాకా ఎనిమిది నెలలు సైసుకు జీతం ఇచ్చాడు. నా పేరు ఎవరి ముందూ ఎత్తలేదు. మీ నాన్నకు కూడా ఇది ఈ ఉత్తరంతోనే తెలుస్తుంది.

నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆరేళ్ళప్పుడు పచ్చడి జాడీ పగలగొట్టి, పెంకులు బియ్యం డబ్బా వెనక దాచి, తెగిన వేలిని గౌనులో చుట్టుకుని అన్నానికి కూర్చున్న పిల్లవి నువ్వు. ఆ రక్తం మరక చూసి ఎత్తుకున్నది నేనే. వాయిదా మరిచిపోతావు, అప్పీలు గడువు జిల్లా కోర్టుకు 30 రోజులా, హైకోర్టుకు 90 రోజులా అన్న లెక్కలో పొరపాటు పడతావు, అందరం పడ్డాం. అది తెలిసిన సాయంత్రమే మీ సీనియర్ దగ్గరికి వెళ్ళి చెప్పు, మర్నాటికి ఉంచుకోకు. గుర్రం మేత ముట్టకపోతే నాకు ఫోను చేయడం కూడా తర్వాత, ముందు డాక్టరుకు చెయ్యి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే దవడ కింద వేలుపెట్టి నాడి చూడడం నేర్చుకో. ఊరికే నిలబడి ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది.

బాబాయి జీను నా దగ్గరే ఉంది, ఏటా నూనె రాస్తూనే ఉన్నాను. ఆదివారం తెస్తాను. అయితే అది ఆ ఎర్రగుర్రం వీపుకు కుట్టించింది. నీ గుర్రానికి సరిపోతుందో లేదో ఇద్దరం కలిసి చూశాకే దాని మీద వెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న