రేడియేషన్‌లో అసలు కష్టం మూడో వారం నుంచి

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. అంగిట్లో పుండు క్యాన్సరని తేలి నెల కిందట ఆపరేషన్ చేశారు. ఇప్పుడు 30 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టాలంటూ ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. పళ్లకూ దీనికీ ఏం సంబంధం? కరెంటు పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: సంబంధం చాలా ఉందమ్మా. రేడియేషన్ పడిన దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా పుచ్చుపన్ను పీకిస్తే గాయం మానకపోగా ఎముకే చచ్చుబడిపోవచ్చు. ఏళ్లు గడిచినా ఆ ప్రమాదం తప్పదు. అందుకే పీకాల్సినవి ముందే పీకేసి, చిగురు మానడానికి 10 నుంచి 14 రోజులు ఆగుతారు. కానీ ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోగా రేడియేషన్ మొదలవడం మంచిది. మీకు ఇప్పటికే నెల దాటింది కాబట్టి పళ్ల డాక్టరు దగ్గరికి రేపే వెళ్లండి.

తర్వాత తల కదలకుండా ఉంచేందుకు మాస్కు చేస్తారు. జల్లెడలా చిల్లులున్న ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద అదుముతారు. కొన్ని నిమిషాల్లో అది ముఖం అచ్చుకు బిగుసుకుంటుంది. చిల్లుల్లోంచి గాలి బాగానే ఆడుతుంది. దాంతోనే సీటీ స్కాన్ తీసి, ప్లాన్ వేస్తారు. ఇందుకు కొన్ని రోజులు పడుతుంది. మాస్కు చేసే రోజునా, ఆ తర్వాత రోజూ కట్టుడుపళ్లు, ముక్కుపుడక, కమ్మలు, మెడలోవి తీసేయాలి. కొప్పు పెట్టుకుని పడుకుంటే తల ఆనే చోటు మారి మాస్కు సరిగ్గా కూర్చోదు, జుట్టు విప్పి రమ్మనేది అందుకే.

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 2 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే లెక్క) చొప్పున, ఆరు వారాల్లో 60 గ్రే ఇవ్వడం మామూలు పద్ధతి. షాక్ కొట్టదు, వేడి తగలదు, నొప్పి ఉండదు. గదిలో పావుగంట ఉంటే, మిషన్ పనిచేసేది కొద్ది నిమిషాలే. బయటి నుంచి సిబ్బంది కెమెరాలో చూస్తూనే ఉంటారు. ఇబ్బందనిపిస్తే చెయ్యెత్తితే చాలు, ఆపేస్తారు. ఒక్కమాట: చుట్ట పూర్తిగా మాన్పించండి. పొగ తాగేవారిలో రేడియేషన్ సరిగా పనిచేయదు, నోటి పుండ్లూ ఎక్కువవుతాయి.

ప్రశ్న: నాన్నకు గొంతు క్యాన్సర్. 35లో 16 అయ్యాయి, వారానికోసారి సిస్ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఎక్కిస్తున్నారు. నోరంతా పూసి మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నారు. ఒక వారం ఆపి, తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. మధ్యలో విరామమిస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స అనుకున్నదానికంటే ఒక్కరోజు ఎక్కువ సాగినా జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని అంచనా. మిషన్ చెడిపోయో, పండగ సెలవు వచ్చో రోజు తప్పితే, శనివారం గానీ, కనీసం ఆరు గంటల తేడాతో ఒకేరోజు రెండుసార్లు గానీ ఇచ్చి సర్దుతారు.

నోటిపూత రెండు, మూడు వారాల్లో మొదలై చివర్లో ముదురుతుంది. చికిత్స అయిపోయాక కూడా వారం, రెండు వారాలు అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే బెంబేలెత్తుతారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయమనండి. ఏరోజుకారోజు కొత్తగా కలపాలి. ఆల్కహాలున్న మౌత్‌వాష్‌లు మంట పెంచుతాయి. నోట్లో తెల్లటి పొర కనబడితే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు. నొప్పికి మార్ఫిన్ రాసినా భయపడకండి, వాడితేనే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి.

కారం, పులుపు, ఆవకాయ పక్కనపెట్టి రాగిజావ, నెయ్యి వేసి మెత్తగా మెదిపిన పప్పన్నం, పాలపొడి కలిపిన పాలు, ఉడికించిన గుడ్డు కొంచెం కొంచెంగా ఆరేడుసార్లు పెట్టండి. బరువు తగ్గడం నీరసంతో పోయేది కాదు. ముఖం చిక్కిపోతే మాస్కు వదులై, తల కదిలి, డోసు పడాల్సిన చోట పడదు. అప్పుడు మళ్లీ స్కాన్, మళ్లీ మాస్కు. నీళ్లు కూడా దిగడం లేదన్నారు కాబట్టి ముక్కు గొట్టం గురించి ఈరోజే డాక్టరును అడగండి, పైగా సిస్ప్లాటిన్‌తో ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి. గొట్టం పెట్టినా, డాక్టరు వద్దనకపోతే రోజూ కొన్ని గుటకలు మింగిస్తూనే ఉండాలి, లేకపోతే మింగే కండరాలు పట్టు తప్పుతాయి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మెడ చర్మం నల్లబడుతుంది, పొట్టు లేస్తుంది. పసుపు, విభూతి, బామ్ రాయొద్దు. బ్లేడుతో గడ్డం గీయొద్దు.

ప్రశ్న: రేడియేషన్ తీసుకుంటున్న అత్తగారి దగ్గర గర్భిణి అయిన నేను కూర్చోవచ్చా? కంచం, గ్లాసు వేరుచేయాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిక్షేపంగా కూర్చోవచ్చు. మిషన్ ఆగగానే కిరణాలూ ఆగుతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. కంచం, మంచం ఏదీ వేరుచేయక్కర్లేదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు మింగించే రేడియో అయోడిన్ సంగతి మాత్రం వేరు. అది తీసుకున్నవారికి డాక్టరు చెప్పినన్ని రోజులు గర్భిణులు, పసిపిల్లలు దూరంగానే ఉండాలి.