చిల్లర తీసుకోకుండా దిగిపోయిందెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కథలు రాయడం గురించే. మూడింటికి జవాబిస్తున్నా.

ప్రశ్న: మేడమ్, నాకు కథలు రాయాలని చాలా కోరిక. తీరా కాగితం ముందు పెట్టుకుంటే ఒక్క ఐడియా కూడా రాదు. మీకు కథలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నేను బ్యాంకులో పనిచేస్తాను, మా జీవితాల్లో చెప్పుకోదగ్గ విశేషాలేమీ ఉండవు. (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: కాగితం ముందు కూర్చుంటే నాకూ రావండీ. నాకు జరిగిందే ఒకటి చెప్తాను. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ కొన్న పుస్తకంలో మడతపెట్టిన ఆర్టీసీ టికెట్ ఒకటి దొరికింది. వెనక బాల్‌పెన్నుతో 38 అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది. చిల్లర లేకపోతే కండక్టర్ అలా రాసిచ్చి దిగేటప్పుడు తీసుకోమంటాడు, మనందరికీ తెలిసిందే. ఇచ్చేశాక ఆ అంకె కొట్టేస్తారు. దీని మీద గీత లేదు. అంటే ఎవరో ముప్పై ఎనిమిది రూపాయలు వదిలేసి దిగిపోయారన్నమాట. మనం రెండు రూపాయలు రావాల్సి ఉన్నా స్టాప్ వచ్చేదాకా కండక్టర్ మొహంలోకే చూస్తూ కూర్చుంటాం, మరి ఈ మనిషి ఎందుకు వదిలేసినట్టు? నిద్రపట్టి, గాభరాగా దిగేశారా? కిటికీలోంచి ఎవరైనా కనిపించారా? నాలుగు నెలలు ఆ టికెట్ నా పర్సులోనే ఉంది. ముందు ఆస్పత్రికి పరిగెత్తే కొడుకు కథగా రాశాను, ఏడుపు ఎక్కువై నాకే విసుగొచ్చి చింపేశా. చివరికి అది కండక్టర్ కథ అయింది. రాత్రి డిపోలో లెక్క కడుతుంటే డబ్బులు ఎక్కువ తేలాయి, అవి ఎవరివో తెలుసుకోవాలని ఆ రోజు బస్సెక్కిన మొహాలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ కూర్చుంటాడు. గొప్పగా రాలేదు లెండి, ఒక పత్రిక తిప్పి పంపింది కూడా. కానీ నాకు కథలు వచ్చేది ఇలాగే, ఏదో చూస్తాం, దాంట్లో మనకి తెలియనిది కాస్త ఉంటుంది, అది వదలదు.

బ్యాంకులో ఉండి విశేషాలు లేవంటారేమిటండీ! పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని, అంకె చూసుకుని, ఏమీ అనకుండా మళ్లీ కవర్లో చుట్టి సంచీలో పెట్టుకునే ముసలావిడని మీరు ఎన్నిసార్లు చూసుంటారు! నామినీ పేరు మార్చాలని వచ్చేవాళ్లు ఎవరి పేరు తీయించి ఎవరి పేరు రాయిస్తున్నారో మీ కళ్లముందే కదా జరిగేది. (అసలు పేర్లు, వివరాలు మాత్రం కథలోకి రానివ్వకండి, ఉద్యోగానికే ఎసరు.)

ప్రశ్న: ముందు సమాజానికి పనికొచ్చే సబ్జెక్టు ఎంచుకో, కథ అదే వస్తుంది అంటారు మా లెక్చరర్. నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: సగం నిజం. గురజాడ 'కన్యాశుల్కం' సంగతే చూడు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన ఈ శుల్కం పెళ్లిళ్ల లెక్క తీయించాడు. తేలినవి 1034. అందులో పెళ్లికూతుళ్లు ఐదేళ్లవాళ్లు 99 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. 1897లో నాటకం అచ్చువేసినప్పుడు గురజాడే ముందుమాటలో ఈ లెక్కలు ఇచ్చాడు. నీ సబ్జెక్టు అదీ. చదివితే కడుపు మండుతుంది. కానీ ఆ జాబితా మొత్తం వెతికినా గిరీశం ఉండడు, మధురవాణి ఉండదు. వాళ్లు లేకపోతే మనకి మిగిలేది ఒక రిపోర్టు, దాన్ని ఈపాటికి ఏ ఆఫీసు బీరువాలోనో చెదలు తినేసేవి.

రావిశాస్త్రి విశాఖలో లాయరు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసులు, పోలీసులు, దొంగసాక్షులు, ప్లీడర్లు, ఈ సరంజామా అంతా కోర్టు పనిలో ఆయన రోజూ చూసిందే, 'ఆరు సారా కథలు' అక్కణ్ణుంచే వచ్చాయి. అదే కోర్టులో నల్లకోటు వేసుకుని తిరిగినవాళ్లు ఇంకా ఎంతమంది ఉండుంటారో, వాళ్లకి దొరకలేదే! ఆయన చెవి పడేసింది మనుషులు మాట్లాడే తీరు మీద. నువ్వూ సబ్జెక్టుని కాసేపు పక్కనపెట్టి, మీ హాస్టల్ వంటాయన అన్నం వడ్డిస్తూ ఏం గొణుగుతాడో ఒక వారం రాసుకో.

ప్రశ్న: మా బంధువుల ఇంట్లో జరిగింది రాస్తే గొడవ అవుతుందా? (పేరు వద్దు)

జవాబు: అవుతుంది. ఊరు, ఉద్యోగం, వయసు మార్చేయండి, వీలైతే ఆడవాళ్లని మగవాళ్లని చేయండి. ఇంకో మాట, జరిగింది మొత్తం తెలుసుకోవాలని ఆరాలు తీయకండి. హెన్రీ జేమ్స్ అని ఒక అమెరికన్ రచయిత. క్రిస్మస్ ముందురోజు విందులో పక్కనున్నావిడ, ఫలానా తల్లీకొడుకులు ఇంట్లోని పాత ఫర్నిచర్ కోసం కొట్టుకుంటున్నారని అందట. ఆయనకి ఆ పది మాటలు చాలు. ఆవిడ మిగతాదీ చెప్పుకుపోతుంటే ఇంక వద్దు బాబోయ్ అనిపించిందట, అసలు సంగతి తన కథని పాడుచేస్తుందని. ఆ నవల పుస్తకంగా వచ్చిందీ 1897లోనే, చిత్రంగా.

ఇంత చెప్పి నేనే పట్టుబడ్డాను. మా అత్తయ్య ఆవకాయ జాడీకి వాసెన కట్టి ఒక రకం ముడి వేసేది, ఇంకెవరు విప్పినా ఇట్టే తెలిసిపోయేలా. ఆ ముడి ఒక్కటీ ఉంచి మిగతా అంతా మార్చి కథ రాశాను. అచ్చయ్యాక అత్తయ్యే ఫోన్ చేసింది, "మీ పిన్నిని భలే దింపావే!" అని. పిన్ని రెండేళ్లు నాతో మాట్లాడలేదు. మొన్న ఒక పెళ్లిలో తనే నా పక్కన కూర్చుని, "ఆ ముడి నాది కాదే, మీ అత్తయ్యది" అంది.

"తెలుసు పిన్నీ" అన్నాను.