క్రిస్టల్ లేని ఏటీమెగా328పీతో నమ్మదగిన సీరియల్: 8 మెగాహెర్ట్జ్‌ను కాదు, అవతలివారి బిట్‌ను పట్టుకోండి

మీరు ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ చిప్పును బయటి క్రిస్టల్ లేకుండా 8 మెగాహెర్ట్జ్ అంతర్గత ఆసిలేటర్ (చిప్పులోనే క్లాక్‌ను పుట్టించే భాగం) మీద నడుపుతున్నారు. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) దగ్గర బల్ల మీద సరిగ్గా వచ్చిన అక్షరాలు, బోర్డును పెట్టెలో బిగించి ఎండలో పెట్టగానే చెడిపోతున్నాయి. 115200 దగ్గర మొదటినుంచీ చెత్తే వస్తోంది. క్రిస్టల్ పెట్టడం తప్ప దారి లేదా అని అడిగారు. మీ బోర్డు అవతలివైపు నుంచి డేటా తీసుకునేదే అయితే దారి ఉంది. నాలుగేళ్లుగా ఒక మామిడితోటలో బోరు స్టార్టర్ పెట్టెల్లో నేను నడుపుతున్న బోర్డులు ఆ పద్ధతి మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందుగా మీ రెండు ఇబ్బందులను విడదీయాలి, ఎందుకంటే 115200 దగ్గర తప్పు ప్రధానంగా ఆసిలేటర్‌ది కాదు. క్లాక్ అచ్చంగా 8 మెగాహెర్ట్జే అయినా, దాన్ని పూర్ణాంకంతో భాగించినప్పుడు డబుల్ స్పీడ్‌లో (ఒక్కో బిట్‌ను 16 బదులు 8 భాగాలుగా లెక్కించే మోడ్‌లో) దొరికే అతి దగ్గరి వేగం 111111, అంటే మూడున్నర శాతం తక్కువ. మామూలు మోడ్‌లో 125000, అంటే ఎనిమిదిన్నర శాతం ఎక్కువ. కళాశాలలో 8051 బోర్డుల మీద 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను చూసి ఈ వింత అంకె ఎందుకని మనలో చాలామంది అనుకొని ఉంటారు. దాన్ని 1152తో భాగిస్తే శేషం లేకుండా 9600 వస్తుంది, అందుకే ఆ అంకె. 8 మెగాహెర్ట్జ్ దగ్గర 9600కు, 38400కు భాగహారపు తప్పు 0.2 శాతం లోపే ఉంటుంది కాబట్టి ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోండి.

ఇక అసలు విషయం. రిసీవర్ ప్రతి అక్షరానికి ముందు వచ్చే స్టార్ట్ బిట్ దిగువ అంచును (లైన్ 1 నుంచి 0కు పడే క్షణాన్ని) చూసి, అక్కడి నుంచి తన సొంత క్లాక్‌తో లెక్కపెట్టుకుంటూ ప్రతి బిట్‌నూ మధ్యలో చదువుతుంది. అక్షరం చివర వచ్చే స్టాప్ బిట్ మధ్యకు చేరేసరికి తొమ్మిదిన్నర బిట్ల కాలం గడుస్తుంది. అప్పటికి తేడా అర బిట్‌కు పెరిగితే పక్క బిట్‌ను చదివేస్తుంది. అంటే రెండు వైపుల తప్పులూ కలిపి సుమారు అయిదు శాతం దాటకూడదు. నిజానికి ఒక్కో బిట్‌ను మూడుసార్లు చదివి మెజారిటీ తీసుకోవడం వల్ల ఆ హద్దు నాలుగున్నరకు తగ్గుతుంది. డేటాషీట్ ఎనిమిది బిట్లకు మామూలు మోడ్‌లో రెండు శాతం, డబుల్ స్పీడ్‌లో ఒకటిన్నర శాతం దాటవద్దని సలహా ఇస్తుంది. అదే డేటాషీట్ అంతర్గత ఆసిలేటర్‌కు ఫ్యాక్టరీ నుంచి ఇచ్చే హామీ 3 వోల్టులు, 25 డిగ్రీల దగ్గర పది శాతం మాత్రమే. బల్ల మీద పనిచేసిందంటే ఆ చిప్పు ఆ గదిలో ఆ వోల్టేజీకి అదృష్టవశాత్తు దగ్గరగా ఉందని మాత్రమే అర్థం.

నేను మొదట చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. డిసెంబరులో ఇంట్లో కూర్చుని ఆసిలేటర్ వేగాన్ని సరిదిద్దే ఆస్‌కాల్ రిజిస్టర్‌ను సరిచేసి, ఆ విలువను ఈఈప్రామ్‌లో (విద్యుత్తు పోయినా నిలిచే మెమరీలో) దాచి బోర్డులను బిగించి వచ్చాను. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట రెండు బోర్డులు జవాబివ్వడం మానేసి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ మాట్లాడేవి. తీగలను, వాటి చివర్లలో పెట్టే రెసిస్టర్లను మార్చి వారం రోజులు పోగొట్టుకున్నాక గానీ, ఇనుప పెట్టెలోని వేడికి క్లాకే జరుగుతోందని నాకు తట్టలేదు.

పరిష్కారం కార్లలో వాడే లిన్ బస్ పద్ధతి నుంచి తీసుకున్నాను. ప్రతి సందేశానికి ముందు మాస్టర్ (బోర్డులకు సందేశాలు పంపే అవతలి పరికరం) హెక్సాలో 55 అనే బైట్‌ను, అంటే ఇంగ్లీషు పెద్ద అక్షరం 'యూ'ను పంపుతుంది. స్టార్ట్ బిట్‌తో కలిపి అది 0, 1లు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే వరుస కాబట్టి అయిదు దిగువ అంచులు దొరుకుతాయి. మొదటిదానికీ అయిదోదానికీ మధ్య సరిగ్గా ఎనిమిది బిట్ల కాలం ఉంటుంది. 28 కాళ్ల చిప్పులో రిసీవ్ పిన్ అయిన 2ను ఇన్‌పుట్ క్యాప్చర్ పిన్ 14కు ఒక చిన్న తీగతో కలిపితే, టైమర్ 1 ఆ అంచుల సమయాలను హార్డ్‌వేర్‌లోనే నమోదు చేస్తుంది. ఈ కొలత చిప్పులోని సీరియల్ భాగమైన యూఆర్ట్ ఆ బైట్‌ను సరిగ్గా చదవడం మీద ఆధారపడదు గనుక క్లాక్ పది శాతం తప్పులో ఉన్నా పనిచేస్తుంది.

9600 బాడ్‌లో ఎనిమిది బిట్లకు రావలసిన క్లాక్‌ల లెక్క 6667 అని మీకు అనిపిస్తుంది, ఎందుకంటే 8 మెగాహెర్ట్జ్ దగ్గర 833.3 మైక్రోసెకన్లు అంతే. కానీ గురి పెట్టవలసిన అంకె 6656. బాడ్ వేగాన్ని నిర్ణయించే యూబీఆర్ఆర్ రిజిస్టర్‌లో 51 ఉన్నప్పుడు మన యూఆర్ట్ ఒక్కో బిట్‌కు 832 క్లాక్‌లు వాడుతుంది. దానికి ఎనిమిది రెట్లు 6656. ఆ లెక్కకు ఆస్‌కాల్‌ను సరిచేస్తే ఆసిలేటర్ తప్పుతోపాటు భాగహారపు తప్పు, మాస్టర్ క్లాక్‌లోని తప్పు కూడా ఒకేసారి పోతాయి. లెక్క ఎక్కువ వస్తే మన క్లాక్ వేగంగా ఉన్నట్టు, ఆస్‌కాల్‌ను ఒకటి తగ్గించాలి. తక్కువ వస్తే ఒకటి పెంచాలి. నా చిప్పులలో ఒక్కో మెట్టు ఒక శాతం లోపే ఉంది. వరుస దిగువ అంచుల మధ్య నాలుగు దూరాలూ దాదాపు సమానంగా లేకపోతే అది 'యూ' కాదు, ఆ కొలతను వదిలేయండి.

ఒక్కో మెట్టే ఎక్కమని నొక్కి చెప్పడానికి కారణముంది. నేను వేగంగా కుదరాలని మొదట 0 నుంచి 255 వరకు బైనరీ సెర్చ్ రాశాను. అది ఎక్కడా కుదురుకోలేదు. ఆ రిజిస్టర్ పై బిట్ రెండు వేర్వేరు పరిధుల్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది, పైగా అవి ఒకదానిపై ఒకటి వస్తాయి: 127 నుంచి 128కు వెళ్లినప్పుడు వేగం పెరగకపోగా తగ్గుతుంది. అదీగాక క్లాక్‌ను ఒక్కసారిగా రెండు శాతానికి మించి మార్చితే చిప్పు ప్రవర్తనకు హామీ లేదు. ఫ్యాక్టరీ విలువ దగ్గర మొదలుపెట్టి ఆ పరిధిలోనే ఉండండి. విద్యుత్తు వచ్చినప్పుడు మాస్టర్ చేత కొన్ని పదుల 'యూ'లు పంపిస్తే చాలు. ఈఈప్రామ్ రాతల సమయం కూడా ఈ ఆసిలేటర్ మీదే నడుస్తుంది కాబట్టి 8.8 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి.

ఇన్ని చేసినా సందేశం చివర సీఆర్‌సీ (తప్పులను పట్టే తనిఖీ అంకె) ఉండాలి. మోటారు స్టార్టర్ పక్కన వచ్చే నాయిస్‌కు క్లాక్‌తో సంబంధం లేదు. మీ బోర్డు పంపడమే తప్ప వినేది కాకపోతే మాత్రం కొలవడానికి అవతలి బిట్ ఉండదు. అప్పుడు వేరే ఆలోచన లేకుండా క్రిస్టల్‌నో, కనీసం సిరామిక్ రెజొనేటర్‌నో పెట్టేయండి.